ఏం పని చేసేటోడివని ఎవరడిగారు?

చెమట లెక్కలు: ఆరో భాగం



మీ ఫోన్లోకి వచ్చేదే నా ఫోన్లోకీ వస్తుంది. మంచం మీద ఎముకల గూడైన మనిషి. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. పక్కన బిత్తరపోయి నిలబడ్డ పిల్లలు. కింద ఒక క్యూఆర్ కోడ్. ఊపిరితిత్తులకు అరుదైన క్యాన్సర్ వచ్చింది, దయగల దాతలు ఆదుకోవాలి. మనం వందో ఐదొందలో వేస్తాం, నాలుగు గ్రూపులకు పంపిస్తాం. కొన్నాళ్లకు అదే ఫొటోకు దండ పడి ఉంటుంది. పైసలు వెయ్యొద్దని నేను అనను. వెయ్యండి. ఆకలైనోడికి అన్నం పెట్టేటప్పుడు సిద్ధాంతం అడగకూడదు. కానీ ఆ పోస్టులో పేరుంటుంది, వయసుంటుంది, ఊరుంటుంది, దవాఖాన బిల్లుంటుంది. ఒక్కటి మాత్రం ఉండదు. ఆ మనిషి ముప్పై ఏళ్లు ఏం పని చేశాడు?

ఈ భాగమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

నేను చెప్పబోయే జబ్బు పేరు మీసోథెలియోమా. వాడుకలో దీన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్ల కిందే వేస్తాం గానీ, ఎక్కువగా ఇది పుట్టేది ఊపిరితిత్తుల్ని కప్పి ఉండే పలచని పొరలో. పొర మందమవుతుంది, నీరు చేరుతుంది, గట్టిగా ఊపిరి తీస్తే పక్కటెముకల్లో కత్తి దిగినట్టుంటుంది. బీడీ, సిగరెట్లతో దీనికి సంబంధం లేదు. దీని ప్రధాన కారణం ఆస్‌బెస్టాస్. సిమెంటు రేకుల్లో కలిపే రాతినార. ఆ పోగు కంటికి ఆనదు. పీల్చినప్పుడు దగ్గు కూడా రాకపోవచ్చు. లోపలికి పోయి పొర దగ్గర తిష్ఠ వేస్తుంది. 20 ఏళ్లకో, 30 ఏళ్లకో, ఒక్కోసారి 40 ఏళ్లు దాటాకో జబ్బై బయటపడుతుంది.

ఇంత ఓపికగా చంపేదానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? అప్పటి మేస్త్రీ ఊరెళ్లిపోయాడు. కాంట్రాక్టర్ పేరు ఎవరికీ గుర్తులేదు. రేకుల గోదాము పోయి అపార్ట్‌మెంట్ లేచింది. మిగిలింది ఆ కూలి మనిషి ఛాతీ ఒక్కటే.

మా పెద్దబాపు సంగతి చెప్తాను. నల్లగొండ దిక్కు నుంచి బతుకుదెరువుకు వచ్చి హయత్‌నగర్‌లో దిగిన మనిషి. అడ్డా మీద నిలబడితే షెడ్డు పనికి తీసుకుపోయేవాళ్లు. సిమెంటు రేకులు కోయడం, బోల్టులకు తూట్లు పెట్టడం, పగిలిన పాత రేకుల్ని పీకి కొత్తవి ఎక్కించడం. విజయవాడ రోడ్డు పొడుగునా లేచిన గోదాములు, కోళ్లఫారాలు, కిరాయి గదుల వరసలు, వాటిలో ఆయన చెయ్యి పడనివి తక్కువ. సాయంత్రం తెల్లటి దుమ్ముతో ఇంటికొచ్చేవాడు. పెద్దమ్మ ఆ బట్టలు గడప ముందు దులిపి ఉతికేది. మాస్కు అనే వస్తువును ఆయన మొదటిసారి చూసింది కరోనా కాలంలో.

కుడివైపు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోతే నీరు తీసి, టీబీ కావచ్చన్నారు. ఆరు నెలల మందులు మింగాడు. నీరు మళ్లీ చేరింది. మళ్లీ తీశారు. ఇంకో ఆస్పత్రి, ఇంకో స్కాన్. ప్రతి చోటా అడిగిన ప్రశ్న ఒకటే, బీడీ తాగుతావా? తాగుతానంటే చాలు, కేసు అక్కడికి తేలిపోయినట్టే. తప్పంతా ఆయన నోటిది. ఆయన చేతులు ఏం చేశాయో ఎవరూ అడగలేదు. పొర ముక్క తీసి పరీక్షకు పంపేసరికి ఏడాది దాటింది. అప్పుడొచ్చింది ఆ పొడవాటి పేరు. దాని పక్కనే ఇంకో మాట, అరుదైన జబ్బు.

ఇక్కడ డాక్టర్లను తిట్టడం తేలిక. మన దేశంలో ఛాతీలో నీరు చేరితే ముందు టీబీని అనుమానించడం సబబే, టీబీ అంతగా ఉంది కాబట్టి. గొడవ ఆ మొదటి అనుమానంతో కాదు. మందులు పనిచేయకపోయినా, నీరు మళ్లీ మళ్లీ చేరినా, రెండో అనుమానం పుట్టకపోవడంతో. రెండో అనుమానం పుట్టాలంటే రోగి చేసిన పని తెలియాలి. పని తెలియాలంటే అడగాలి. అడగాలంటే ఆ పనిని ఒక జీవితంగా గుర్తించాలి. కేసు షీటులో 'వృత్తి' అన్న గడిలో కూలీ అని ఒక్క మాట రాసి ముగిస్తారు. ఏం కూలీ? ఎన్నేళ్ల కూలీ? ఏ దుమ్ములో కూలీ? ఇంజినీరు అయితే సివిలా, సాఫ్ట్‌వేరా అని అడుగుతారు. కూలీకి మాత్రం శాఖలుండవు. పని విభజన వేరు, పనివాళ్ల విభజన వేరని బాబాసాహెబ్ 1936లోనే చెప్పాడు. ఆ విభజన మన కేసు షీటు దాకా వచ్చి కూర్చుంది.

ఇప్పుడు 'అరుదైన' అనే మాట సంగతి చూద్దాం. అరుదు అంటే తక్కువమందికి వచ్చేది అని ఒక అర్థం. తక్కువమందిలో కనిపెట్టింది అని ఇంకో అర్థం. ఈ రెండూ ఒకటి కావు. లెక్కలు శ్రద్ధగా రాసుకునే దేశాల్లో కూడా మామూలు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోలిస్తే ఇది చాలా తక్కువ. ఒప్పుకుంటాను. కానీ ఆ తక్కువ ఎంతో వాళ్లకు తెలుసు. మనకు తెలియదు. తెలియనిదాన్ని తక్కువ అనడం అబద్ధం.

1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే పాథాలజిస్టు తోటి వైద్యులతో కలిసి ఈ జబ్బు కేసులు 33 ప్రచురించాడు. ఎక్కువమంది ఆస్‌బెస్టాస్ గనులున్న ఉత్తర కేప్ ప్రాంతానికి ముడిపడినవాళ్లు. గమనించండి, వాళ్లంతా గని కార్మికులు కారు. గనుల దగ్గర ఉన్న పాపానికి జబ్బు పడ్డవాళ్లున్నారు, ఇంటి పని చూసుకున్న ఆడవాళ్లున్నారు. మరి వాగ్నర్ బృందం ఆ లంకె ఎట్లా పట్టుకుంది? పెద్ద యంత్రమేమీ కాదు. రోగి ఎక్కడ పుట్టాడు, ఎక్కడ బతికాడు, ఏం పని చేశాడు అని అడిగారు. అడిగితే ప్రపంచ వైద్యచరిత్ర మారింది. ఇక్కడ మనం 'కూలీ' అని రాసి పేజీ తిప్పేస్తాం. మన జనాభా లెక్కల్లో ఇంటి పైకప్పు గురించి ఒక ప్రశ్న ఉంటుంది. 2011 లెక్కలో ఇనప రేకు, ఇతర లోహపు రేకు, ఆస్‌బెస్టాస్ రేకు అన్నీ కలిపి ఒకే గడి. ఎంతమంది రాతినార కింద పడుకుంటున్నారో ఈ దేశం విడిగా లెక్కపెట్టలేదు. పైకప్పునే విడిగా లెక్కపెట్టనివాళ్లు దాని కింద ఊపిరి తీసేవాళ్లను లెక్కపెడతారా?

కంపెనీల వాదన కూడా న్యాయంగా విందాం. మేం వాడేది క్రిసోటైల్ అనే తెల్ల ఆస్‌బెస్టాస్, అది సిమెంటులో బిగిసిపోయి ఉంటుంది, జాగ్రత్తగా వాడితే ప్రమాదం లేదు అంటారు. పగలని, కోయని రేకు నుంచి పోగు పెద్దగా బయటికి రాదన్నది నిజమే. రేకుల ఇంట్లో పడుకున్న ప్రతివాడికీ క్యాన్సర్ వస్తుందని నేను చెప్పడం లేదు, అట్లా భయపెట్టడం తప్పు. కానీ ఆ రేకు ఆకాశం నుంచి ఊడిపడి ఇంటి మీద కూర్చోదు కదా. ఎవడో కోస్తాడు, ఎవడో తూట్లు పెడతాడు. వడగళ్ల వానకు పగిలితే ఎవడో ఏరుతాడు. ఎండకూ వానకూ ముదిరిన రేకును ఇరవై ఏళ్ల తర్వాత ఎవడో సుత్తితో కొట్టి దింపుతాడు. ఆ ఎవడో ఎవడు? పొద్దున్నే హయత్‌నగర్ అడ్డా మీదకో ఎల్బీనగర్ చౌరస్తాకో వెళ్లి నిలబడ్డవాళ్ల ఇంటిపేర్లు అడగండి. 'జాగ్రత్తగా వాడితే' అన్న మాట ఆ అడ్డాకు ఎప్పుడైనా వచ్చిందా? ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ క్రిసోటైల్‌తో సహా అన్ని రకాల ఆస్‌బెస్టాస్ మనిషికి క్యాన్సర్ తెస్తుందని తేల్చి చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2005 నుంచి నిషేధించింది. పక్కనున్న నేపాల్ 2015లో నిషేధించింది. ఏళ్ల తరబడి మనకు ఈ సరుకు అమ్మిన కెనడా 2018లో తన గడ్డ మీద నిషేధించుకుంది. అమెరికా 2024లో క్రిసోటైల్‌ను నిషేధించింది.

మన దేశం చేసిందేమిటి? 1986లో ఆస్‌బెస్టాస్ తవ్వకానికి కొత్త లీజులు ఆపేసింది. పులివెందుల కొండల్లోని రాతినార తవ్వితే ప్రమాదమని ఢిల్లీకి తెలుసు. అదే నార రష్యా నుంచో బ్రెజిల్ నుంచో ఓడ ఎక్కి వస్తే మాత్రం ప్రమాదం లేదట! తవ్వడం ప్రమాదం, కోయడం క్షేమం. ఈ తర్కం అర్థమైనవాళ్లు నాకూ చెప్పండి.

ఈ జబ్బుకు సాయం అడగడం దాతృత్వం సంగతి కాదని నేను ఎందుకంటున్నానో ఇప్పుడు చెప్తాను. 1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో తీర్పిచ్చింది. కన్జ్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసు. కార్మికుడి ఆరోగ్యం, వైద్యం పొందే హక్కు 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని ఆ తీర్పు చెప్పింది. ప్రతి కార్మికుడి ఆరోగ్య రికార్డు పనిలో చేరిన నాటి నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతకాలం భద్రపరచాలని ఆదేశించింది. 40 ఏళ్లు ఎందుకు? జబ్బు అంత ఆలస్యంగా వస్తుందని కోర్టుకు తెలుసు కాబట్టి. ఆ తీర్పు రాసింది ఎవరో తెలుసా? జస్టిస్ కె. రామస్వామి. ఆంధ్ర నుంచి సుప్రీంకోర్టు మెట్లెక్కిన దళిత న్యాయమూర్తి. 1997 సమత తీర్పు రాసింది కూడా ఆయనే. సమత పేరు మన విద్యార్థి సంఘాలకు నోటికి వచ్చు. ఈ తీర్పు పేరు మాత్రం మన సభల్లో వినపడదు.

దానికి తోడు 1923 నాటి నష్టపరిహార చట్టం మూడో షెడ్యూలు చూడండి. ఆస్‌బెస్టాస్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్, మీసోథెలియోమా రెండింటినీ పని వల్ల వచ్చే జబ్బుల జాబితాలో పేరు పెట్టి రాశారు. అంటే చట్టానికి ఈ జబ్బు తెలుసు. తెలియనిది కేసు షీటుకే.

అయితే ఆ తీర్పుకు ఒక హద్దు ఉంది. అది ప్రధానంగా ఫ్యాక్టరీ గేటు లోపలి కార్మికుడి గురించి మాట్లాడింది. సనత్‌నగర్ కార్ఖానాలో చార్మినార్ రేకు తయారుచేసినవాడికి కనీసం ఒక హాజరు పట్టీ ఉంటుంది, ఈఎస్‌ఐ కార్డు ఉంటుంది. ఆ రేకు గేటు దాటి లారీ ఎక్కి హయత్‌నగర్ వచ్చాక, దాన్ని కోసినవాడికి ఏముంది? పట్టీ లేదు, కార్డు లేదు, యజమాని లేడు. బాబాసాహెబ్ వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబర్‌గా ఉన్న రోజుల్లో, 1944లో, ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక వచ్చింది. ఈఎస్‌ఐకి పునాది అదే. ఎనభై ఏళ్లు దాటాయి. అడ్డా కూలీ ఇంకా ఆ గేటు బయటే నిలబడి ఉన్నాడు. 1996లో నిర్మాణ కార్మికుల చట్టం వచ్చింది, కట్టడాల ఖర్చు మీద సెస్సు వసూలు చేస్తున్నారు. ఆ పైసలు మన చెమట మీద వసూలైనవే. వాటితో అడ్డా కూలీల ఛాతీ పరీక్షలు, వాళ్ల పని చరిత్ర నమోదు చేయమని అడగడం భిక్షం కాదు, బాకీ వసూలు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సిన మాట. 2008లో ఆస్‌బెస్టాస్‌ను వ్యతిరేకిస్తూ ఇంటర్నెట్లో వచ్చిన రాతల మీద విశాఖ ఇండస్ట్రీస్ సికింద్రాబాద్ కోర్టులో పరువునష్టం కేసు వేసింది. ఆ రాతలున్న వేదిక తనది కాబట్టి గూగుల్ కూడా కేసులో ఇరుక్కుంది. కేసు కొట్టేయమని సుప్రీంకోర్టు దాకా పోతే 2019 డిసెంబర్ 10న ఒప్పుకోలేదు. ఆ రాతల్లో నిజమెంత అన్నది ఆ తీర్పు తేల్చలేదు. ఆ కంపెనీ పెట్టింది కాకా వెంకటస్వామి గారి కుటుంబం. దళితుడు పరిశ్రమ పెట్టడం నాకు గర్వమే. కానీ బిర్లాల రేకుకు ఒక నీతి, మనోళ్ల రేకుకు ఇంకో నీతి ఉండవు. పోగుకు కులం తెలియదు, కోసేవాడికి మాత్రం కులం ఉంది. ఆస్‌బెస్టాస్ లేని రేకులు, బోర్డులు ఇవే కంపెనీలు చేసి అమ్ముతున్నాయి కూడా. చేయడం చేతనవును, వదులుకోవడమే ఇష్టం లేదు. 2011లో నిషేధం కోరిన పిటిషన్‌ను సుప్రీంకోర్టు కొట్టేసింది. కాబట్టి కోర్టు మెట్ల మీదే కూర్చుంటే కుదరదు, ఇది రోడ్డు మీదికి రావలసిన కోరిక.

నేను సాహిత్యం పాఠం చెప్పుకునే మనిషిని, ఒక మాట అనకుండా ఉండలేను. తెలుగువాడికి క్యాన్సర్ అనగానే 1981 ప్రేమాభిషేకం గుర్తొస్తుంది. అక్కినేని శాలువా, త్యాగం, పాట. మన తెర మీద క్యాన్సర్ ప్రేమికుడి జబ్బు, కారణం లేని జబ్బు, విధి రాసిన జబ్బు. విధి రాసిందంటే ఇక ఎవరినీ అడగక్కర్లేదు. రేకు కోసేవాడి క్యాన్సర్‌కు కారణం ఉంది, తయారీదారు ఉన్నాడు, దిగుమతి లైసెన్సు ఉంది, బిల్లు ఉంది. అందుకే దాని మీద పాట రాదు.

మరి ఇవాళ మన బస్తీలో ఒకరికి ఈ జబ్బు వస్తే ఏం చేయాలి? ఎల్బీనగర్‌లో మెట్రో ఎక్కితే మియాపూర్ పోయే ఎర్ర లైను ఉంది. దారిలో ఉస్మానియా దవాఖాన. లక్డీకాపూల్ దిగితే రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి. పంజాగుట్టలో నిమ్స్. తర్వాత ఈఎస్‌ఐ. ఆ తర్వాత ఎర్రగడ్డ ఛాతీ దవాఖాన. ఒకే లైను మీద ఇన్ని ఉన్నాయి, కానీ వాటి మధ్య ఫైలు మోసేది రోగి కొడుకే. ఈ జబ్బుకు స్పెషలిస్టు వైద్యం అంటే ఒక పెద్ద డాక్టరు కాదు. ఛాతీ వైద్యుడు, ముక్కను చదివే పాథాలజిస్టు, క్యాన్సర్ వైద్యుడు, సర్జన్, నొప్పి తగ్గించే వైద్యుడు ఒక బల్ల చుట్టూ కూర్చుని ఒక మనిషి గురించి మాట్లాడుకోవడం. మనం అడగాల్సింది అది.

గుర్తుపెట్టుకోండి. ఒక వైపు నీరు చేరి, టీబీ అని రుజువు కాకుండా మళ్లీ మళ్లీ చేరుతుంటే, నీటి పరీక్షతో సరిపెట్టకుండా పొర ముక్క తీసి చూడాలా అని అడగండి. థొరాకోస్కోపీ అంటారు. ఆ ముక్క మీద ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీ చేయాలి, లేకుంటే దీన్ని వేరే క్యాన్సర్ అనుకునే ప్రమాదం ఉంది. రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని వైద్య మండలి 2002 నిబంధనలు చెప్తున్నాయి, బతిమాలకండి, రాతపూర్వకంగా అడగండి. స్లైడులు, మైనపు దిమ్మలు కూడా అడిగి తీసుకోండి, రెండో అభిప్రాయానికి అవే ఆధారం. చాలామందికి పూర్తిగా నయం కాని జబ్బు ఇది, అబద్ధపు ఆశ చెప్పను. పెమెట్రెక్సెడ్, సిస్‌ప్లాటిన్ కలిపి ఇచ్చే కీమో ఉంది. అమెరికాలో 2020లో అనుమతి పొందిన ఇమ్యునోథెరపీ ఉంది, దాని ధర కూలీ ఇల్లు అమ్మినా అందేది కాదు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పరిమితి 10 లక్షలకు పెంచారు, మంచిదే. పరిమితి పెరగడం వేరు, సరైన రోగ నిర్ధారణ సరైన వేళకు అందడం వేరు. ఇక నొప్పికి మార్ఫిన్, చేరిన నీటికి గొట్టం, ఊపిరాడని రాత్రికి పక్కన ఒక మనిషి, ఇవి చివరి రోజుల దయాదాక్షిణ్యాలు కావు, మొదటి రోజు నుంచి వైద్యంలో భాగం. ఎం.ఎన్.జె.లో పాలియేటివ్ విభాగం ఉంది, మొదటి వారంలోనే అడగండి. ఫైలు మొదటి పేజీలో మీ చేత్తో రాయించండి, ఏ పని, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, ఎక్కడ.

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఖాళీ చేయించిన జాగాలో పెద్దాస్పత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన చేశారు. మన తూర్పు హైదరాబాద్ కోసమే అన్నారు. అక్కడ పని జబ్బుల విభాగం ఒకటి ఉండాలి. పని చరిత్ర నింపకుండా ఏ ఛాతీ రోగి కేసు షీటూ మూయకూడదు. నిర్మాణ కార్మికుల బోర్డు రేకుల పని చేసినవాళ్ల రిజిస్టరు తెరవాలి. పాత రేకులు దింపే పనికి రక్షణ నియమాలు, వాటి ఖర్చు యజమాని మీద ఉండాలి. ఆస్‌బెస్టాస్ రేకు అమ్మకం ఆగాలి, ఇప్పటికే ఆ కప్పు కింద ఉన్న పేదలకు మార్పిడి ఖర్చు ప్రభుత్వం పెట్టాలి. లేకుంటే నిషేధం కూడా పేదోడి నెత్తి మీదే పడుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని. మీ సంఘం నుంచి నలుగురు, ఒక నోటుబుక్కు, వరసగా నాలుగు ఆదివారాలు. అడ్డా దగ్గర కూర్చోండి. చాయ్ తాగుతూ అడగండి. అన్నా, ఏ పనులు చేశావే? అక్కా, ఆయన బట్టలు ఎవరు ఉతికేవాళ్లు? ఎన్నేళ్లు? దగ్గుందా? ఒప్పుకున్నవాళ్లవే రాయండి, పేర్లు బయటపెట్టకండి. పరిశోధన పత్రం కోసం కాదు. ఆ నోటుబుక్కు కొత్తపేట ఆస్పత్రి తలుపు తెరిచిన రోజున సూపరింటెండెంట్ బల్ల మీద పెట్టడం కోసం. రోహిత్ పేరు మీద పిడికిలి ఎత్తిన తరం మీది. పిడికిలి విప్పి పెన్ను పట్టుకోవడం కూడా పోరాటమే.

క్యూఆర్ కోడ్ పోస్టు మళ్లీ వస్తుంది. పైసలు వెయ్యండి. కింద కామెంటులో ఒక్క ప్రశ్న రాయండి. ఏం పని చేసేవాడు?

ఏడో భాగంలో మ్యాన్‌హోల్ గురించి.

జై భీమ్.